కొలతకు నిలబడ్డ మనిషి

మా ఆయన రైల్వేలో ఫిట్టరు. ముప్పై ఏళ్ళు వ్యాగన్లు బాగుచేసిన మనిషి మా క్వార్టరులో వంటింటి గడియ మాత్రం బాగుచెయ్యలేదు. దానికి ఒక గుడ్డపేలిక కట్టి నేనే నెట్టుకొచ్చాను. అలాగని పనిముట్లు లేవా అంటే, మంచం కింద ఆకుపచ్చ రంగు ఇనప్పెట్టె నిండా ఉండేవి. పానాలు, సుత్తులు, రంపాలు, మరలు తిప్పే పేచ్‌కస్‌లు ఒకే సైజువి రెండేసి. మేమున్న రాయ్‌పూర్‌లో పాత ఇనుము అమ్మే కబాడీ వాళ్ళందరూ ఆయనకు దోస్తులే. కూరలకని సంచీ ఇచ్చి పంపితే అడుగున ఏదో ఒక ఇనపముక్క వేసుకుని, పైన కొత్తిమీర కట్ట కప్పుకుని వచ్చేవారు. నేను కొత్తిమీర తీసి చూసేదాన్ని. "పడుంటాదే, సొంత ఇల్లు కొన్నాక పనికొస్తాది" అనేవారు.

రిటైరయ్యాక నిజంగానే సొంత ఇల్లు కొన్నాం. డ్రిల్ మెషీన్ కూడా వచ్చి పెట్టెలో చేరింది. కానీ కొత్త గోడకు బెజ్జం పెట్టాలంటే ఆయనకు ప్రాణం ఒప్పేది కాదు. క్యాలెండరు కిటికీ ఊచకు వేలాడేది.

ఒక వానాకాలం గేటు ముందు జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషనైంది, మూడు నెలలు మంచం మీదే ఉన్నారు. లేచేసరికి నడుం వంగిపోయింది. పడగ్గది నుంచి బాత్రూం దాకా ఇరుకైన నడవ ఒకటుంది, పన్నెండడుగులు ఉంటుంది. ఆస్పత్రిలో ఇచ్చిన వాకరు అందులో తిరగదు. అందుకని రోజూ నేనే జబ్బ పట్టుకుని తీసుకెళ్ళేదాన్ని. తలుపు దగ్గరగా వేసి బయట నిలబడేదాన్ని. ఆయన నా ముఖం చూసేవారు కాదు.

ఒకరోజు మంచం మీద కూర్చుని, "నాకిది సిగ్గుగా ఉందే. ఒక్కడినే ఎల్లాల" అన్నారు. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన నన్ను అడిగినవి చాలా తక్కువ. ఆ మాట నాకు గుచ్చుకుంది.

వ్యాయామం చేయించడానికి వచ్చే అబ్బాయి, గోడ పొడుగునా పట్టుకోవడానికి పైపు ఉంటే అంకుల్ సొంతంగా నడుస్తారని చెప్పాడు. మిస్త్రీని పిలుస్తానంటే ఈయన ఒప్పుకోలేదు. ఫిట్టరు ఇంట్లో మిస్త్రీ ఏమిటట. పోనీ తను చేస్తారా అంటే, పట్టుకోనిదే రెండు నిమిషాలు నిలబడలేరు. "అయితే నేనే వేస్తాను" అన్నాను. ఆయన నవ్వారు. ఆ నవ్వుకు నాకు ఒళ్ళు మండి, వెంటనే పెట్టె బయటికి లాగాను.

ముందు ఎత్తు చూడాలి. నేను నా కుట్టుమిషను దగ్గరి గుడ్డ టేపు తెస్తే, "జాకెట్టు కుడతావేటే గోడకి? స్టీలు టేపు తే" అన్నారు. లేపి గోడ పక్కన నిలబెట్టాను. ఆయన ఊపిరి పీల్చి, ఛాతీ విరిచి, పెద్దాఫీసరు తనిఖీకి వచ్చినట్టు నిటారుగా నిలబడ్డారు. ఎన్ని నెలలైందో ఆయన్ని అలా చూసి. చెయ్యి ఎక్కడ ఆనిందో అక్కడ పెన్సిలు గీత పెట్టాను. గీత పెట్టడానికి కొంచెం ఎక్కువసేపే తీసుకున్నాను.

స్టీలు పైపు, బిగింపులు కొనుక్కొచ్చాను. రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఆయన కుర్చీలో కూర్చుని చెప్పడం, నేను చెయ్యడం. "ముందు సన్న బిట్టు, తరవాత లావుది." "మిషను మీద పడిపోకే, ఆరామ్‌గా పట్టుకో." "గోడని తిట్టకు, అదేటి సేసింది?" మొదటి బెజ్జానికి డ్రిల్లు జారి గోడ మీద మీసం గీసింది. ఆయన ఏమీ అనలేదు, అదే గొప్ప. నాలుగో బెజ్జానికి నాకు ధైర్యం వచ్చింది. జుట్టంతా ఇటుక పొడి. పైపు బిగించాక దాని మీద రసమట్టం పెట్టి చూశాను, నీటిబుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది. పైపు పట్టుకుని నా బరువంతా వేసి వేలాడాను, కదల్లేదు. "పక్కా" అన్నారు. వ్యాగన్ల షెడ్డులో ఆ మాట సంపాదించుకోవడానికి ఎంతమంది ఎన్నేళ్ళు పనిచేశారో నాకు తెలుసు. పొంగిపోయాను.

మర్నాడు పొద్దున్న ఒక్కరే బయల్దేరారు. నేను తలుపు చాటు నుంచి చూస్తున్నాను. రెండడుగులు పైపు పట్టుకున్నారు. తర్వాత చెయ్యి వదిలేసి, పైపు కింద గోడకు అరచెయ్యి ఆనించి పాకుతున్నట్టు నడిచారు. సగంలో మోకాలు వణికింది. పరుగెత్తి పట్టుకున్నాను.

"పైపు ఎందుకండీ మరి? చూసుకోడానికా?"

"రేపు అలవాటవుతాదిలే."

రేపూ అంతే, ఎల్లుండీ అంతే. మళ్ళీ నేను జబ్బ పట్టుకోవడం, ఆయన ముఖం తిప్పుకోవడం. నాకు కోపమొచ్చింది. చేతులు బొబ్బలెక్కేలా చేసిన పనికి ఇదా మర్యాద? తెల్లటి గోడ మీద ఆయన అరచేతి మరకలు కూడా కనబడుతుంటే తడిగుడ్డ పట్టుకుని తుడవబోయాను.

మరకలన్నీ ఒకే వరసలో ఉన్నాయి. పడగ్గది గుమ్మం నుంచి బాత్రూం తలుపు దాకా, పైపుకు జానెడు కింద.

గుడ్డ అక్కడే పడేసి నేల మీద కూర్చుండిపోయాను. ఎన్నేళ్ళుగానో జాకెట్లు కుడుతున్నదాన్ని. కొలత తీసేటప్పుడు ఏ ఆడదీ మామూలుగా నిలబడదని నాకు తెలుసు. పొట్ట లోపలికి లాక్కుంటుంది, భుజాలు ఎగరేస్తుంది. మనం వాళ్ళను ఏమీ అనకుండా ఓ అంగుళం గుడ్డ లోపల వదలాలి. బయటివాళ్ళందరికీ వదిలిన ఆ అంగుళం ఈయనకు వదల్లేదు. ఎందుకో కూడా నాకు తెలుసు. ఆ రోజు ఆయన అలా నిలబడితే నాకే బాగుంది. వంగి నిలబడండి అని నా నోటితో అనలేకపోయాను. అక్కడ కూర్చుని కాసేపు ఏడ్చాను.

కళ్ళు తుడుచుకుని గదిలోకి వెళ్ళి అబద్ధమాడాను. "రసమట్టం సరిగ్గా చూడలేదండీ. పైపు విప్పి మళ్ళీ వెయ్యాలి."

ఆయన నా వైపు చాలాసేపు చూశారు. "నీటిబుడగ నేనూ సూసినాను. నువ్వు సరిగ్గానే ఏసినావు. నేనే ఆ రోజు పాత మనిషిలాగ నిలబడ్డాను."

మంచం కింద పెట్టె వైపు చెయ్యి చూపించి, "పానా తే, ఇప్పేద్దాం" అన్నారు.

ఈసారి గోడ మీది మరకలే కొలత. ఒక్కొక్క దాని మీదా పెన్సిలు గీత పెట్టుకుంటూ పోయాను. పాత బెజ్జాలు సిమెంటుతో పూడ్చాను కానీ, నా పని కాబట్టి, అవి ఎక్కడున్నాయో ఎవరికైనా కనబడతాయి. చివరి బెజ్జం తనే పెడతానన్నారు. కుర్చీ గోడ దగ్గరికి జరిపాను. కూర్చునే మిషను పట్టుకున్నారు, గురి చూసి ఒక్క ఊపులో దింపేశారు. ఏళ్ళ తరబడి కొన్న ఇనుము, ఆయన చేత్తో సొంత గోడలోకి దిగడం అదే మొదటిసారి. ముఖం మీద పొడి దులుపుకోకుండా అలాగే నవ్వుతూ కూర్చున్నారు.

మర్నాడు నేను వంటింట్లో టీ పెడుతున్నాను. చూడ్డానికి వెళ్ళకూడదని ఒట్టు పెట్టుకున్నాను. బాత్రూం తలుపు మూసిన చప్పుడు వినిపించింది, లోపల గడియ పెట్టుకున్న చప్పుడు కూడా. పాలు పొంగిపోతుంటే ఆలస్యంగా చూసుకున్నాను. కాసేపటికి తలుపు తెరుచుకుంది, అడుగులు వినిపించాయి. అవి పడగ్గది వైపు వెళ్ళడం లేదు.

వెనక్కి తిరిగేసరికి ఆయన వంటింటి గుమ్మంలో ఉన్నారు. పైపు బాత్రూం దగ్గరే అయిపోతుంది. అక్కణ్ణుంచి నాలుగడుగులు ఏమీ పట్టుకోకుండా వచ్చారు. ఒక చెయ్యి గుమ్మానికి ఆనించి, నడుం వంచుకుని, వగరుస్తూ నిలబడ్డారు. నేను ముందుకెళ్ళబోతే రెండో చెయ్యెత్తి ఆపారు.

"ఇక్కడి దాకా కూడా ఏసేద్దాం. టేపు తెచ్చి కొలుసుకో," అన్నారు. "ఇలగే నిలబడతాను."