పర్వాలేదులోని లేదు

కమలాపండు తొక్కలో గోరు దిగగానే సన్నటి తుంపర వేళ్ల మీద పడుతుంది. ఈ ఉదయం వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఒక పండు ఒలుస్తున్నాను. బయట సస్కటూన్ ఊరు మంచుతో తెల్లగా, అలికిడి లేకుండా ఉంది. నది మీద ఆవిరి లేచి, వంతెన సగం దూరం వెళ్లి ఎక్కడో కరిగిపోయినట్టు కనబడుతోంది. పండు వాసనలోంచి డాక్టర్ రూత్ నా జ్ఞాపకంలోకి నడిచి వచ్చారు, ఎప్పటిలాగే తొందర లేకుండా, తెల్లకోటు జేబులో ఒక పండు ఉబ్బెత్తుగా కనిపిస్తూ.

ఆవిడ ఈ మైదానాల్లో మా అందరికంటే ఎంతో ముందునుంచీ ఉంటున్న క్రీ అనే ఆదివాసీ ప్రజల ఆడపడుచు. పొట్టి మనిషి, నెరిసిన జడ. ఆస్పత్రి ఎమర్జెన్సీలో పనిచేసేవారు. ఒక రోగికీ మరో రోగికీ మధ్య దొరికిన రెండు నిమిషాల్లో పండు ఒలుచుకునేవారు. చేతులు ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన ఆవిడతోనే ఉండేది.

నా భార్య విజయ వల్ల ఆవిడ నాకు పరిచయమయ్యారు. ఒక చలికాలం ఉదయం విజయ ఎడమ జబ్బ లాగుతోందంది. "గ్యాసేనండీ. కాస్త వాము నమిలితే పోతుంది," అంది. నేనే బలవంతాన కారెక్కించాను. కౌంటర్ దగ్గర నర్సు, నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత అని అడిగింది. నేను విజయను అడిగాను. "పర్వాలేదు లెండి. అంతమంది కూర్చునున్నారు, ముందు వాళ్లని చూడమనండి," అంది. విజయవాడలో ఒక దినపత్రిక డెస్కులో ఇరవై రెండేళ్లు ఇంగ్లిష్ వార్తల్ని తెలుగు చేసినవాణ్ని. పర్వాలేదును ఇంగ్లిష్ చేయడం నాకో లెక్కా? "టూ," అన్నాను. నర్సు రాసుకుంది.

కుర్చీల్లో కూర్చున్నాం. అద్దాల అవతల మంచు పడుతూనే ఉంది. చూస్తూ చూస్తూ ఎంతసేపయిందో మరిచిపోయాను. ఇంకెవరినో పిలవడానికి వచ్చిన డాక్టర్ రూత్ చేతిలోని ఫారాలు తిరగేస్తూ మా ముందు ఆగారు.

"రెండు అని ఆవిడన్నారా, మీరన్నారా?"

"ఆవిడ... అంటే, పర్వాలేదంది."

"ఆ మాట మళ్లీ అనండి."

అన్నాను. ఆవిడ విజయ ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. "నిన్న చేసిన పని ఇవాళ ఏది చేయలేకపోయారు? అడగండి."

విజయ సిగ్గుపడింది. "జడండీ. చెయ్యి పైకి లేవలా. సగం అల్లి క్లిప్ పెట్టేశా."

పొద్దుటి నుంచీ పక్కనే ఉన్నాను. ఆ క్లిప్ నా కంట పడనే లేదు. నేను ఇంగ్లిష్‌లో చెప్పడం పూర్తయ్యేలోపే డాక్టర్ లేచి, మూలనున్న చక్రాల కుర్చీని తనే తోసుకొచ్చారు. గుండెపోటు. సాయంత్రానికి స్టెంట్ వేశారు.

మూడో రోజు వార్డుకు వచ్చి, విజయ చేతిలో రెండు తొనలు పెట్టి నావైపు తిరిగారు. "మీ మాట విడగొట్టి చెప్పండి."

"పర్వా అంటే చింత. లేదు అంటే లేదు."

ఆవిడ మంచం అంచున కూర్చున్నారు. "మా అమ్మమ్మ మాటలోనూ ఒక లేదు ఉంది. నమోయా నాంతౌ. ఏమీ లేదు, బాగానే ఉన్నానని. కడుపునొప్పితో టౌన్ ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఆవిడ మొహం చూసి, ఎంత తాగిందని అడిగారు. జీవితంలో చుక్క ముట్టని మనిషి. తర్వాత ఎలా ఉందని అడిగితే నమోయా నాంతౌ అంది. బాధేమీ లేదని రాసుకుని బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆ బెంచీ మీదే పోయింది." చేతిలో తొక్కను చిన్న చిన్న ముక్కలు చేస్తూ అన్నారు, "నాకప్పుడు పదకొండేళ్లు. ఆ మాటను ఇంగ్లిష్‌లో చెప్పింది నేనే."

ఆ తర్వాతే తెలిసింది, ఎమర్జెన్సీ ఫారంలో ఒక్క ఖాళీ గీత కోసం ఆవిడ ఏళ్లుగా పోరాడుతున్నారని. రోగి అన్న మాటను రోగి భాషలోనే ముందు రాయాలి, అంకె ఆ తర్వాత. ఒక మీటింగులో ఒక పెద్దాయన, "ఖాళీ గీతతో ఏం మారుతుంది రూత్?" అన్నాడట. "అది ఖాళీగా ఉందని మీకు కనబడుతుంది కదా, ముందు అది చాలు," అన్నారట ఈవిడ. చివరికి ఆ గీత వచ్చింది. శనివారాలు లైబ్రరీలో దుభాషీలకు ఆవిడ తరగతి పెడితే నన్నూ లాక్కెళ్లారు. పంజాబీ, తగలోగ్, క్రీ మాట్లాడే వాళ్లందరి ముందూ, "ఈయన మిస్టర్ టూ. గుండెపోటుకు పదికి రెండు మార్కులు వేశారు. ఈయన దగ్గర నేర్చుకోండి," అన్నారు. అందరితో పాటు నేనూ నవ్వాను. చాలా రోజుల తర్వాత ఆస్పత్రిలోని ఆ కుర్చీల హాలు నా మనసులోంచి కాస్త దూరం జరిగినట్టయింది.

కిందటేడు ఆకులు రాలే రోజుల్లో ఆవిడకు జబ్బు చేసింది, ఇక తగ్గనిది. ఇంటికి వెళ్లి చూశాను. కిటికీ నిండా పసుపుపచ్చని ఎండ. "ఎలా ఉన్నారు, డాక్టర్?"

"పర్వాలేదు," అన్నారు తెలుగులో, స్పష్టంగా.

పూర్వపు నేనైతే సంతోషించి లేచి వచ్చేసేవాణ్ని. కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. "నిన్న చేసిన పని ఇవాళ ఏది చేయలేకపోయారు?"

ఆవిడ బల్ల మీదికి చూపు తిప్పారు. అక్కడ ఒక కమలాపండు. తొక్క మీద గోటి గాటు మాత్రం ఉంది.

"గోరు దిగలేదు, మిస్టర్ టూ. నొప్పి."

ఒలిచి ఒక్కొక్క తొన అందించాను. మధ్యాహ్నం వచ్చిన నర్సుతో ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె డాక్టరుకు ఫోన్ చేసి మందు పెంచింది. ఆవిడ నిద్రపోయాక కూడా గదిలో ఆ వాసన మెల్లగా తిరుగుతూనే ఉంది. మంచు పడకముందే ఆవిడ వెళ్లిపోయారు.

ఇంతలో విజయ వంటింట్లోకి వచ్చింది. "ఒంట్లో ఎలా ఉంది?" అన్నాను.

"పర్వాలేదండీ."

నేను ఆమె జడ వైపు చూశాను. చివరిదాకా అల్లి ఉంది. అప్పుడు పండులో సగం ఆమె చేతిలో పెట్టాను.