మినిట్స్ పుస్తకంలో మూడో అంశం

గురువారం ఉదయం రేవు పట్నం రియేకా నుంచి రాజధాని జాగ్రెబ్ వెళ్ళే బస్సులో డోలోరెస్ మావ్రినాత్స్ మూడుసార్లు సీటు మారింది. కిటికీ పక్కన కూర్చుంటే తల తిరుగుతోంది, వెనక కూర్చుంటే ఇంజన్ రొద, ముందుకొస్తే డ్రైవరు పెట్టిన పాటలు. నాలుగోసారి లేవబోతుంటే డ్రైవరు అద్దంలోంచి చూసి, "డాక్టరుగారూ, టికెట్టు ఒక్క సీటుకే కదా తీసుకున్నారు" అన్నాడు. బస్సులో నలుగురూ నవ్వారు. ఆరు వారాలుగా ఆమెకు ఇదే బస్సు, ఇదే డ్రైవరు.

ఆమెకు నలభై ఆరేళ్ళు. తల్లి రియేకాలో చేపలను డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో పనిచేసేది. అరవై నిండకముందే మెట్ల మీద జారి తుంటి విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది, మనిషి మాత్రం మంచం దిగలేదు. అదే వార్డులో అదే వారం అదే ఎముక విరిగిన ఎనభై ఏళ్ళ ముసలామె కర్ర పట్టుకుని నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది. ఆ రెండు మంచాలకీ తేడా ఏమిటన్నదే డోలోరెస్ పదహారేళ్ళ పరిశోధన. చివరికి దొరికింది. రక్తంలో మూడు పదార్థాలు కలిసి పెరిగిన మనిషికి కండ త్వరగా కరిగిపోతుంది, పడితే లేవడం కష్టం. ఆ సంగతి ముందే తెలిస్తే ఆపరేషన్ మర్నాటి నుంచే కండకు పని చెప్పి, తిండి మార్చి లేపవచ్చు.

దొరికింది గానీ, జూన్‌తో యూనివర్సిటీ ఇచ్చే గ్రాంటు ఆగిపోతుంది. ఆ తర్వాత ఆమెకూ ఉద్యోగం లేదు, పదకొండేళ్ళుగా ప్రయోగశాలలో ఆమె పక్కన రక్తం గొట్టాలు తిప్పుతున్న సహాయకురాలు నెరీనాకూ లేదు, ఫ్రీజరులో ఉన్న మూడువందల మంది నెత్తురుకూ దిక్కులేదు. అందుకే ఈ శిక్షణలో చేరింది. ముసలితనం మీద పనిచేసే శాస్త్రజ్ఞుల చేత కంపెనీలు పెట్టించాలని ఉత్తరాన ఉన్న మరో దేశపు ఫౌండేషన్ ఒకటి ఖర్చంతా భరించి పన్నెండు మందికి పదివారాలు పాఠాలు చెప్పిస్తోంది. చివర్లో ముగ్గురికి రెండేళ్ళు పని నడిపే సొమ్ము ఇస్తుంది. ఆ ముగ్గురిలో ఒకరైతే ప్రయోగశాల బతుకుతుంది. లేకపోతే మూతపడుతుంది. ఆసుపత్రిలో ముసలివాళ్ళు లేచి నడవాలా వద్దా అన్నది కూడా పోటీలో తేలాల్సి వచ్చిందంటే ఫౌండేషన్‌ని తిట్టి లాభం లేదు. ప్రభుత్వం చేతులు దులుపుకున్న పనిని అది తనకు తెలిసిన పద్ధతిలో చేస్తోంది.

పాఠం చెప్పేవాడు స్లావెన్. రెండు కంపెనీలు పెట్టి అమ్మినవాడు. మనసు మంచిదే, నాలుక పదును. 'బహుశా' అన్నవాళ్ళు ఆ గంటంతా నిలబడే ఉండాలని అతని తరగతిలో రూలు. ఎక్కువసేపు నిలబడింది డోలోరెసే. "మీరు కూర్చుంటే మాకు బోర్డు కనిపిస్తుంది" అని వెనకనుంచి ఎవరో అనేవారు. అయినా ఆమె మెల్లగా నేర్చుకుంది. తన పదహారేళ్ళను రెండు నిమిషాల్లో చెప్పడం వచ్చింది. ఐదో వారం స్లావెన్ ఆమెను పక్కకు పిలిచి, ముగ్గురిలో ఆమె పేరు దాదాపు ఖాయమని చెప్పాడు.

ఆరో వారం, ఈ గురువారం, ఒక ఫారం పంచారు. అందులో ఒక ప్రశ్న: మీ ఫలితాన్ని పేటెంటుకు దరఖాస్తు చేయకముందే బయటివాళ్ళకు ఎప్పుడైనా వెల్లడించారా?

డోలోరెస్ కలం ఆగిపోయింది.

పరిశోధన మొదలుపెట్టిన ఏడాది నెత్తురు అడగడానికి షిప్‌యార్డు పెన్షనర్ల క్లబ్బుకు వెళ్ళినప్పుడు, అధ్యక్షుడు బార్బా ఎర్మానో ఒక షరతు పెట్టాడు. ఆ తీరంలో ముసలి మగవాళ్ళను బార్బా, ఆడవాళ్ళను తేతా అని పిలుస్తారు. ఎర్మానో ఓడల అడుగున ముప్ఫై ఏళ్ళు వెల్డింగు చేసిన మనిషి. "నెత్తురు తీసుకుపోయినవాళ్ళు మళ్ళీ మొహం చూపించరమ్మాయ్. నువ్వు ఏం కనుక్కున్నా ముందు మాకే చెప్పాలి" అన్నాడు. ఆమె మాట తప్పలేదు. ఏటా ఫిబ్రవరిలో వెళ్ళి చెప్పేది. కిందటి ఫిబ్రవరిలో మూడు పదార్థాల పేర్లూ బోర్డు మీద రాసి చూపించింది, అచ్చు వేయించి పంచింది. ముసలివాళ్ళు బంతులు దొర్లించి ఆడే బోచే ఆటల పట్టిక పక్కన ఆ కాగితం ఇప్పటికీ అంటించే ఉంది.

ఇక్కడి చట్టంలో ముందు చెప్పేస్తే పేటెంటు రాదు. పేటెంటు లేనిదే ఫౌండేషన్ సొమ్ము రాదు.

సంగతి విని స్లావెన్ నుదురు రుద్దుకున్నాడు. చివరికి గొంతు తగ్గించి, పెన్షనర్ల క్లబ్బంటే లోకం కాదనీ, విన్నదాన్ని రహస్యంగా ఉంచుతామని వాళ్ళంతా అప్పుడే ఒప్పుకున్నట్టు సంతకాలు తెస్తే సరిపోతుందనీ చెప్పాడు. కాగితాల మీద ఫిబ్రవరి తేదీ ఉండాలి. ఆ మాట అంటున్నప్పుడు అతను ఆమె మొహం చూడలేదు.

శనివారం నాటికి యూగో గాలి మొదలైంది. సముద్రం మీదినుంచి వెచ్చగా, తడిగా వీచే ఆ గాలికి రియేకా అంతా తలపట్టుకుని తిరుగుతుంది. ప్రయోగశాలలో నెరీనా కిటికీలు మూస్తూ, ఈ గాలిలో పెట్టిన సంతకం నిలబడదని వాళ్ళమ్మ అనేదని గుర్తుచేసింది. మరి సంతకాలకు క్లబ్బుకు వెళ్ళొద్దా అని డోలోరెస్ అడిగితే చివరి కిటికీ గొళ్ళెం వేసి ఇటు తిరిగింది. "వెళ్ళమని నేను అననండీ. వెళ్ళొద్దని కూడా అనలేను. జూన్ తర్వాత నాకూ ఇల్లు గడవాలిగా" అంది.

క్లబ్బులో ఆ రోజు ముప్ఫై మంది దాకా ఉన్నారు. డోలోరెస్ జరిగింది జరిగినట్టు చెప్పింది. ఏదీ దాచలేదు, తేదీ సంగతి కూడా. ఎర్మానో చేయి చాచాడు.

"ఇటివ్వు. సంతకమే కదా. మా ఇష్టంతోనే ఉద్యోగం మానేస్తున్నామని షిప్‌యార్డు వాళ్ళు రాసిస్తే పదమూడువందల మందిమి చదవకుండా పెట్టాం. నీ కోసం ఒకటి పెట్టలేమా?"

కాగితాలు చేతులు మారడం మొదలైంది. కళ్ళద్దాలు ఒకరివి ఒకరు అడిగి తీసుకున్నారు. అప్పుడు మూలనుంచి తేతా ఫుమీత్సా, షిప్‌యార్డు ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, నల్ల అట్ట పుస్తకం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది.

సోషలిస్టు ప్రభుత్వం ఉన్నప్పుడు ఫ్యాక్టరీలను కార్మికులే సభలు పెట్టుకుని నడిపించిన రోజుల అలవాటు ఆ క్లబ్బుకు ఇంకా పోలేదు. బోచే బంతులు కొనాలన్నా సభ, చేతులెత్తడం, మినిట్స్ రాయడం. పుస్తకం తెరిచి ఆమె చదివింది. ఫిబ్రవరి పద్నాలుగు. మూడో అంశం, డాక్టర్ డోలోరెస్ వివరణ. ప్రవేశం అందరికీ. సభ్యులు నలభై ఒక్కరు, అతిథులు ఆరుగురు, అందులో ఒకరు స్థానిక పత్రిక నుంచి. కింద మూడు పదార్థాల పేర్లూ ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి.

"ఆ పేజీ కనిపించకపోతే కొంప మునగదు, ఫుమీత్సా" అన్నాడు ఎర్మానో.

"యార్డు అమ్మేటప్పుడు మేనేజర్లు కూడా అచ్చం ఇలాగే అడిగారు. అప్పుడు చింపనిది ఇప్పుడు నీ మొహం చూసి చింపుతానా?"

"అది వేరు. వాళ్ళు దొంగలు."

"పేజీకి ఆ తేడా తెలీదు. నువ్వు వెల్డింగు చేసుకో, రాత నాకొదిలెయ్."

కొందరు నవ్వారు, కొందరు ఎర్మానో వైపు మాట్లాడారు. ఎవరో ఓటు పెడదామన్నారు. డోలోరెస్ ఇక కూర్చోలేకపోయింది. ముసలి చేతులు ఆమె కోసం పైకి లేవడానికి సిద్ధంగా ఉన్నాయి. తమ బతుకు తెల్లారిపోయిన రోజున ఎలాంటి కాగితం మీద సంతకం పెట్టారో, అలాంటి కాగితమే ఈసారి ఆమె తెచ్చి ఇచ్చింది. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి వెనక్కి తీసుకుంది. ఏడుగురు అప్పటికే సంతకం చేసేశారు. ఆ ఏడూ వాళ్ళ ఎదుటే చింపింది.

ఆమె అనుకున్నట్టు ఎవరూ మెచ్చుకోలేదు. ఎర్మానోకు కోపం వచ్చింది.

"మా కోసం వదులుకోమని నిన్నెవరడిగారమ్మాయ్? రేపు నీ ప్రయోగశాల మూతపడితే, ఆ పాపం మా పుస్తకం మీద పడాలా?"

"మీ మీద కాదు బార్బా. అడగడమే నా తప్పు."

"అడిగి ఉండాల్సింది కాదు, లేదా అడిగాక తీసుకోవాల్సింది. రెండూ చేయకపోతే ఎలా?"

ఆమె చింపిన ముక్కలు ఏరి సంచిలో వేసుకుంది. తేతా ఫుమీత్సా మాత్రం తలెత్తకుండా ఆ రోజు సభలో జరిగింది రాసుకుంటూ కూర్చుంది.

సోమవారం ఫారంలో 'అవును' అని గుర్తుపెట్టి, మినిట్స్ నకలు జతచేసి పంపించింది. రెండు రోజుల్లో ఫౌండేషన్ నుంచి మర్యాదైన ఉత్తరం వచ్చింది. ఆమె నిజాయితీని అభినందిస్తూ, పోటీలో ఆమె లేదని. నెరీనా ఒక ప్రైవేటు ల్యాబులో పొద్దుటి షిఫ్టుకు మాట్లాడుకుంది. వెళ్ళే ముందు గొట్టాలన్నిటికీ కొత్త చీటీలు అంటిస్తానంది. ఆ మాట చెప్పినప్పుడు ఇద్దరూ చెరో బల్ల తుడుస్తూ ఉండిపోయారు.

గురువారం డోలోరెస్ మళ్ళీ బస్సెక్కింది. ఎందుకు ఎక్కుతోందో దారిలో కార్లోవత్స్ ఊరు దాటేదాకా ఆమెకే తెలియలేదు. తరగతిలో స్లావెన్ ఆమెను చూసి తడబడ్డాడు. పోటీలో లేనివాళ్ళు రానక్కర్లేదని మెల్లగా చెప్పాడు.

"పదివారాలకూ ఫౌండేషన్ డబ్బు కట్టేసింది కదా. ఇంకా నాలుగు తరగతులున్నాయి" అంది. కూర్చోలేదు. "నాకు ఒక్కటి చెప్పండి. పేటెంటు లేని, ఎవరి సొంతమూ కాని రక్తపరీక్షని ఆసుపత్రి చేత చేయించాలంటే ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ఏమని అడగాలి?"

స్లావెన్ చేతిలో పట్టుకున్న పాఠం కాగితాలు తిరగేశాడు. అందులో లేదు. మిగతా పదకొండు మందీ రాయడం ఆపి చూస్తున్నారు. "బహుశా..." అని మొదలుపెట్టి ఆగాడు.

"చెప్పండి, నాకేం తొందర లేదు" అంది డోలోరెస్, నోటు పుస్తకం తెరిచి.