మేకుకి వేలాడిన కళ్ళజోడు

మా బావ ఉద్యోగం జనంలో రోగాలు ఎలా పాకుతాయో లెక్కగట్టడం. తలమీద ఒక్క వెంట్రుక లేకపోయినా, సాయంత్రమైతే సందు చివరి సెలూన్‌లోనే ఉంటాడు. సెలూనాయన చిన్ననాటి స్నేహితుడు, పైగా పేపరు ఊరికే చదువుకోవచ్చు. బావకి కళ్ళజోళ్ళు రెండు. ఒకటి ఆఫీసు సొరుగులో, రెండోది సెలూన్ అద్దం పక్కన మేకుకి. ఇంటికి తెస్తే పారేసుకుంటాడని మా అక్క చేసిన ఏర్పాటది.

సందులో కళ్ళకలక మొదలైంది. ముందు ఎర్రబడ్డవి బావ కళ్ళే. దుమ్ము పడిందన్నాడు. తర్వాత సందు సందంతా కళ్ళు నులుముకుంది. తప్పు సెలూన్ తువ్వాళ్ళదని తేల్చేసి, ఆదివారం మీటింగు పెట్టి షాపు మూయించాలనుకున్నారు. సెలూనాయన ముఖంలో నెత్తురుచుక్క లేదు.

బావ రంగంలోకి దిగాడు. కలక వచ్చిన ప్రతి మనిషికీ అదే వయసున్న, కలక రాని మనిషిని జతచేసి, ఇద్దర్నీ అవే ప్రశ్నలు అడగాలట. పక్కింటి అత్తయ్యగారికి జతగా మా అక్కని రాశాడు.

"ఆవిడా నేనూ ఒక వయసా?" అంది అక్క.

"రెండేళ్ళు అటూ ఇటూ..."

ఆ పూట బావకి అన్నం ఎటునుంచీ రాలేదు.

శనివారం లెక్క తేలింది. క్షవరం చేయించుకున్నవాళ్ళకి కలక ఎక్కువే, కానీ పేపరు చదివేదీ వాళ్ళే. బావ లెక్కల మోడల్‌లో రెండింటినీ విడదీసి చూస్తే తువ్వాలు నిర్దోషి, పేపరు దొంగ.

"చదివినవాళ్ళలోనూ చత్వారం ఉన్నవాళ్ళకే..." అంటూ బావ ఆగిపోయాడు. మేకుకున్న కళ్ళజోడు పేపరు కోసం అందరూ పెట్టుకుంటారని నాకూ బావకీ ఒకేసారి తట్టింది.

"తువ్వాళ్ళు కాదని చెప్పి ఊరుకో బావా. నీ పరువు పోతుంది" అన్నాను.

"అసలు కారణం చెప్పకపోతే ఎవరు నమ్ముతారు? వాడి షాపు పోతుంది."

మీటింగులో లేచి నిలబడి, తన కళ్ళజోడే కారణమని ఒప్పుకున్నాడు. షాపు నిలిచింది. బావని మాత్రం సందంతా ఆడిపోసుకుంది, అందరికంటే ఎక్కువగా మా అక్క. పాపం, నాకు జాలేసింది. సిగ్గుతో సెలూన్ వైపే పోవడం మానేస్తే, చివరికి నేనే లాక్కెళ్ళాను.

తలుపుకి కొత్త అట్ట వేలాడుతోంది. 'ఎవరి కళ్ళజోడు వాళ్ళే తెచ్చుకోవాలి' అని ఉంది. కళ్ళజోడు లేని బావ వెనక్కి జరిగి, ముందుకి జరిగి, ఓడిపోయాడు.

"ఏం రాశావురా?"

"బట్టతలవాళ్ళు కూడా రావచ్చని రాశాన్రా. వచ్చి కూర్చో" అన్నాడు సెలూనాయన. బావ కూర్చోగానే తనే పేపరు విప్పి, మొదటి పేజీ నుంచి బావకి వినిపించేలా చదవడం మొదలుపెట్టాడు.