నేనెత్తిన విస్తరాకు

అరవైల మొదట్లో మాట. నేను కాలేజీలో కొత్తగా చేరాను. మాది కుల్కచర్ల దగ్గర పల్లె, గొర్రెలు కాసే కుటుంబం. మా కాలేజీలో చదివి వెళ్ళిన పెద్దలు కొత్త పిల్లలకు మంచీచెడ్డా చెప్పి దారి చూపే ఏర్పాటు ఒకటి ఉండేది. నన్నూ, తాండూరు బండల వ్యాపారి కొడుకు శంకర్‌నూ, మరో ముగ్గురినీ వికారాబాద్‌లో ఉండే ఒక వకీలు గారికి అప్పగించారు. పెద్ద భూస్వాముల ఇంటి మనిషి. ఒక ఆదివారం మమ్మల్ని భోజనానికి పిలిచారు.

అందరం ఒకే బంతిన కూర్చుని తిన్నాం. తినడం కాగానే నేను అలవాటు కొద్దీ నా విస్తరాకు మడిచి పట్టుకుని, చెంబులోని నీళ్ళు చల్లి, కూర్చున్న చోటు చేత్తో తుడవసాగాను.

"గదెందుకు తుడుస్తున్నవ్?" అన్నాడు శంకర్ నవ్వుతూ.

"మా ఊర్ల పటేల్ ఇంట్ల తింటే గిట్లనే చెయ్యాలె," అన్నాను.

అన్నాక గానీ తెలియలేదు, ఆ బంతిలో అలాంటి అలవాటున్నది నాకొక్కడికేనని. తల ఎత్తలేకపోయాను.

వకీలు గారు లేచి వచ్చారు. "ఆకు ఇటియ్యి. ఇంటికొచ్చినోళ్ళ ఆకు ఇంటోడు ఎత్తాలె," అని నా చేతిలోంచి తీసుకున్నారు. తర్వాత శంకర్‌దీ, మిగతావాళ్ళవీ ఎత్తారు. ఆయన వంగిన ప్రతిసారీ నా సిగ్గు ఇంకా పెరిగింది. గుమ్మంలో ఆయన తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

ఇప్పుడు నేనూ పాత విద్యార్థినే. ఏటా కొత్త పిల్లలు మా ఇంట్లో తింటారు. ఎవరి చెయ్యైనా ఆకు అంచు మీదికి పోతుందేమోనని చూస్తుంటాను. పోయేలోపే నేను లేస్తాను.