మొగులయ్యకు కావలసిన బూడిద

మా మొగులయ్య ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లు అడగడు, చాయ్ అడగడు, బూడిద అడుగుతాడు.

ఫలక్‌నుమాలో మా గల్లీ ఏటవాలుగా ఉంటుంది. పైన ఐసు ఫ్యాక్టరీ. పొద్దున్నే ఐసు బండ్లు నీళ్లు కార్చుకుంటూ దిగేవి. చలికాలం ఆ ఇరుకులోకి ఎండ రాక షాబాదు బండలు నాచు పట్టి, పెద్దమనుషులని కూడా చూడకుండా పడేసేవి. డెబ్బై నాలుగులో నేనే కోర్టు ఫైళ్లతో సహా మూడుసార్లు జారాను.

మొగులయ్య బల్దియాలో, అంటే మునిసిపాలిటీలో, రోడ్డు పని చేసేవాడు. డ్యూటీ చాంద్రాయణగుట్టలో. అయినా రోజూ డ్యూటీకి ముందు మా పొయ్యిలన్నీ ఊడ్చి, ఎవరూ జారకుండా ఆ బూడిద బండల మీద చల్లేవాడు. ఆడవాళ్లకు అంట్లు తోమడానికి చిటికెడు మిగిల్చేవాడు కాదు. నిప్పు ఆరిందో లేదో చూసుకోక రెండు గోనెసంచులు కాల్చుకున్నాడు. నా పెళ్లిలోనూ వంటవాళ్ల దగ్గరే కూర్చున్నాడు.

“మొగులయ్యా, తినవా?”

“తింట సారు. గాడిపొయ్యి సల్లారనీ.”

బట్టల దుకాణం వాసవాంబ గారికి అతన్ని చూస్తే ఒళ్లు మంట.

“ఇప్పుడే కడిగిన. ఇల్లంత బూడిద అడుగులే.”

“ఇల్లు మల్ల కడుగుకోవచ్చమ్మా. నడుం ఇరిగితె అతుకుతదా?”

“నా నడుంతోని నీకేం పని?”

“రోడ్డు మీదికొస్తె నా పనే గద.”

పుష్యమాసంలో అతను జ్వరంతో పడ్డాడు. మూడో రోజు వాసవాంబ గారు సంబరంగా ఆడవాళ్లను కూడగట్టి గల్లీ మొత్తం కడిగించారు. బండలు తళతళలాడాయి. అందరం మెచ్చుకున్నాం. ఆ తడి ఆరకముందే నా భార్య రాజమణికి నొప్పులు మొదలయ్యాయి.

రిక్షా పైకి రాలేక కిందే ఆగింది. నడిపిద్దామంటే రెండో అడుగులో నేనే పడ్డాను. రాజమణి గోడ పట్టుకుని నిలబడిపోయింది.

“నేను రాను. పడితే బిడ్డ దక్కదు.”

బూడిద కోసం పొయ్యిలన్నీ వెతికాం. మూడు రోజులుగా అడిగేవాడు లేక, అందరూ కరువుతీరా అంట్లు తోమేసుకున్నారు.

అప్పుడొచ్చాడు మొగులయ్య, కంబళి కప్పుకుని, వణుకుతూ. వెనక భార్య సత్తెమ్మ సంచి ఈడ్చుకొస్తోంది. అతను రాజమణి ముందు వెనక్కి నడుస్తూ, అడుగడుగుకీ గుప్పెడు చల్లాడు.

“కిందికి సూడకు బిడ్డా. నన్ను సూసుకుంట రా.”

ఇంత బూడిద ఎక్కడిదని సత్తెమ్మను అడిగాను.

“రాజమణికి ఆరో నెల పడ్డప్పటి సంది హోటల్ల బొగ్గు బూడిద తెచ్చి జల్లెడ పట్టి దాస్తుండు సారు. నాలుగు సంచులు. మంచానికి జాగ లేక కిందనే పంటున్నం.”

వాసవాంబ గారు కొంగు బిగించి, దోసిలి నింపుకుని, ముందు తన గడప దగ్గరే చల్లారు.

ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున తొట్టెలలో వేశాం. మొగులయ్య వస్తే చేతులు పట్టుకుని, నీ మేలు ఈ జన్మలో మరవనన్నాను. అతను చేతులు విడిపించుకుని పాప పాదాలు చూశాడు.

“ఎప్పుడు నడుస్తది సారు?”

“ఇంకో ఏడాది పడుతుంది.”

వేళ్ల మీద నెలలు లెక్కపెట్టాడు.

“గట్లయితె వచ్చే చలికాలానికి ఇంకా సన్న బూడిద సూడాలె. లేత కాళ్లు.”