వైలోమ ఊరి ఊపిరి సంచులు

వైలోమ ఊరి ఫలితాల కాగితం రాజధాని సువా నుంచి వచ్చిన రోజు అకనీసి దాన్ని తెచ్చి నా బల్ల మీద పడేసింది. ముప్పయ్యొక్క పేర్లు. ఇద్దరి పేర్ల పక్కన పాజిటివ్, మిగతా ఇరవై తొమ్మిది మందికీ నెగటివ్.

“ఊరు ఊరంతా పొట్టలు కడిగి ఆరేసుకున్నట్టున్నారు!” అంది. నవ్వింది గానీ కుర్చీలో కూర్చోలేదు. కోపం వచ్చినప్పుడు ఆమె కూర్చోదు.

నేను వనువా లేవు దీవిలో ఆ ఆసుపత్రి ల్యాబ్‌లో పంతొమ్మిదేళ్ళు పనిచేశాను. నేను చేరేనాటికే అకనీసి రవోవో అక్కడ నర్సు. భారీ మనిషి, పెద్ద గొంతు. ఔట్‌పేషెంట్ వరండా ఈ చివర మాట్లాడితే ఆ చివర సూది వేయించుకునేవాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు. తీరం వెంట ఏ ఊళ్ళో ఎవరికి ఎంతమంది పిల్లలో, ఎవరు ఎవరితో మాట్లాడరో ఆమెకు కంఠతా వచ్చు. అందుకే ఆస్ట్రేలియా యూనివర్సిటీ ఒకటి కడుపు జబ్బుల మీద పరిశోధన మొదలుపెట్టి, ఊళ్ళు తిరిగే నర్సు కావాలని అడిగితే, మా సూపరింటెండెంట్ ఇంకో పేరు ఆలోచించలేదు.

ఆమె ఒప్పుకోవడానికి కారణం వేరు. వాళ్ళమ్మ కడుపులో పుండు పుండుగానే మూడేళ్ళు ఉండి, చివరికి క్యాన్సరై ఆవిడ పోయింది. ఆ మూడేళ్ళూ ఆవిడకు మంట తగ్గించే తెల్లటి మందునీళ్ళు చెంచాతో పోసింది అకనీసే. “నేను నర్సుని. మా అమ్మకి సున్నం నీళ్ళు తాగించినట్టు తాగించాను” అని ఒక్కసారే నాతో అంది. ఆ పుళ్ళలో చాలావాటికి పొట్టలో చేరే ఒక క్రిమి మూలమనీ, నోట్లోంచి పొట్టలోకి గొట్టం వేయకుండా ఊపిరిని బట్టి దాన్ని పట్టుకోవచ్చనీ, రెండు వారాల మాత్రలతో చంపేయవచ్చనీ శిక్షణలో విన్నాక ఆమె ఆ పనిని ఉద్యోగంగా చూడలేదు.

పరీక్ష తేలికైనదే. పరగడుపున ఒక సంచిలోకి ఊదాలి. పుల్లటి నీళ్ళు తాగి అరగంట కూర్చోవాలి. ఇంకో సంచిలోకి ఊదాలి. రెండు సంచులూ సువాలో యంత్రం దగ్గరికి వెళ్తాయి. క్రిమి ఉన్నవాళ్ళలో సగానికి పది రోజులు, సగానికి పద్నాలుగు రోజులు మాత్రలిచ్చి, ఎవరికి బాగా తగ్గిందో చూస్తారు.

వైలోమ అకనీసి తల్లి పుట్టిన ఊరు. ఏప్రిల్లో ఆమె అక్కడికి వెళ్ళినప్పుడు సంచులు మోయడానికి నన్నూ తీసుకెళ్ళింది. ఊరి పెద్ద సవెనాద ముందు ఆనవాయితీ ప్రకారం, దంచి నీళ్ళలో కలుపుకు తాగే యంగోనా వేర్ల కట్ట పెట్టి, వచ్చిన పని చెప్పుకున్నాం. ఆయన దీవించాక చాపల మీద ఊరంతా వరసగా కూర్చుంది. అందరికంటే ముందు కూర్చున్నవాడు వైసాకె. అకనీసి మేనమామ కొడుకు, చేపలు పడతాడు. రెండేళ్ళుగా కడుపునొప్పితో సగమైపోయిన మనిషి, ఆ రోజు మాత్రం మంచి హుషారుగా ఉన్నాడు.

“ఏమే మరదలా, మనిషివి మనిషిలా వచ్చి ముద్దు అడగొచ్చుగా. ఊపిరి సంచిలో పట్టుకెళ్ళడం దేనికి?”

“నీ నోటి కంపుకి సంచే చిరిగిపోతుందేమోనని భయంగా ఉంది బావా. మెల్లగా ఊదు.”

“కడుపునొప్పి లేదు ఇప్పుడు. వారం నుంచి హాయిగా ఉంది. నువ్వొస్తున్నావని తెలిసి పారిపోయింది.”

అందరూ చాపల మీద పడి నవ్వారు. అకనీసి ఫారంలో ప్రశ్నలు చదువుతూ పోయింది. “మందులేమైనా వాడుతున్నారా?” వైసాకె లేదన్నాడు. ముప్పయ్యొక్క మందీ లేదన్నారు.

ఇప్పుడు ఆ కాగితం నా బల్ల మీద ఉంది. పక్క ఊళ్ళలో సగానికి పైగా పాజిటివ్ వస్తే వైలోమలో ఇద్దరేనా? అకనీసి నా బల్ల దగ్గరి నుంచే సువా ఆఫీసుకు ఫోన్ చేసింది. పరిశోధన నడిపే డాక్టర్ రోవెనా టిల్లర్ మర్యాదగానే మాట్లాడింది.

“యంత్రం బాగానే ఉంది సిస్టర్. సంచులూ బాగానే ఉన్నాయి. ఒక్కో ఊరు ఒక్కోలా ఉంటుంది.”

“మా బావకి లేదంటే నేను నమ్మను డాక్టర్.”

“నమ్మకంతో పనిలేదండీ, ఫలితం వచ్చింది. నెగటివ్ వచ్చినవాళ్ళని జాబితాలోంచి తీసేసి, ఫారాల మీద సంతకం పెట్టి పంపండి.”

ఆమె సంతకం పెట్టలేదు. జూన్‌లో, సెలవు పెట్టి సొంతంగా వైలోమ వెళ్ళింది. వైసాకె గుమ్మం దగ్గర మోకాళ్ళు పొట్టకు ఆనించుకుని కూర్చున్నాడు. హాస్యాలు లేవు. వాళ్ళావిడ ఎలినీ చేమదుంపలు ఉడికించి ముందు పెట్టినా ముట్టుకోలేదు.

“మళ్ళీ మొదలైందా?”

“మొదలవడమేంటి, ఇదివరకటికి రెట్టింపు” అంది ఎలినీ. “ఆ మాత్రలున్నన్నాళ్ళూ బాగున్నాడు. అయిపోయిన నాలుగోరోజు నుంచి ఇదే వరస.”

“ఏ మాత్రలక్కా?”

ఎలినీ లోపలికెళ్ళి బిస్కెట్ల డబ్బా తెచ్చింది. అందులో ఖాళీ అట్టలు. ఒకటి కడుపులో ఆమ్లం తగ్గించే మాత్రలది. ఇంకోటి ఎరుపూ పసుపూ యాంటీబయాటిక్ గుళికలది. మేము వెళ్ళడానికి ఎనిమిది రోజుల ముందు చర్చి తరఫున ఎక్కడినుంచో వైద్యుల బృందం వచ్చిందట. ప్రార్థన చేసి, గుండెల్లో మంట అన్నవాళ్ళకల్లా ఒక అట్ట, దగ్గో కురుపో అన్నవాళ్ళకల్లా ఇంకో అట్ట పంచారట. ఊళ్ళో అందరూ రెండూ ఉన్నాయన్నారు. రెండూ తీసుకున్నారు. ఆ మాత్రలు మింగినవాళ్ళలో క్రిమి నక్కి ఉంటుంది, ఊపిరిలో దొరకదు. నాలుగు వారాలు ఆగి పరీక్ష చేయాలి. పాజిటివ్ వచ్చిన ఇద్దరూ వేరే చర్చికి వెళ్ళే అన్నదమ్ములు. వాళ్ళకు మాత్రలు అందలేదు.

అకనీసి ఆ అట్టలు పట్టుకుని వాటి వెనక పేర్లు రెండుసార్లు చదివిందని ఎలినీ తర్వాత చెప్పింది. ఆ తర్వాత అరిచిందట.

“మందులు వాడుతున్నారా అని ఒక్కొక్కరినీ అడిగానే! లేదన్నారే!”

“మందులంటే ఆసుపత్రివి కదే” అన్నాడు వైసాకె నీరసంగా. “ఇవి ప్రార్థన చేసి ఇచ్చినవి. కానుక. కానుకని మందంటారా ఎవరైనా?”

“అందుకు పరీక్షంతా పాడైంది బావా.”

“నువ్వు సరిగ్గా అడిగుంటే మేం సరిగ్గా చెప్పేవాళ్ళం.”

ఆ మాట ఆమెకు ఎక్కడో తగిలింది. ఆ ప్రశ్నను ఇంగ్లీషు నుంచి మా భాషలోకి మార్చింది ఆమే. శిక్షణ రోజున అందరూ బాగుందన్నారు. తిరిగొచ్చి నాతో ఆ సంగతే నాలుగుసార్లు చెప్పింది. “నాకు తెలీదా ఈ జనం? ‘ఎవరైనా ఏమైనా మింగమని ఇచ్చారా’ అనుంటే సరిపోయేది. నోరు పడిపోయిందా నాకు ఆవేళ?”

సువాకు మళ్ళీ ఫోన్. ఈసారి స్పీకర్ పెట్టింది, నేను వినాలని.

“మీరు చెప్పింది నిజమే కావచ్చు” అంది డాక్టర్ టిల్లర్. “కానీ ఒకరికి ఒకసారే పరీక్ష అని ముందే రాసుకున్నాం. రెండోసారి చేయాలంటే పరిశోధనలకు అనుమతిచ్చే నైతిక కమిటీ ఒప్పుకోవాలి. కమిటీ రెండు నెలలకోసారి కూర్చుంటుంది. మొన్ననే కూర్చుంది.”

“అయితే పరీక్ష లేకుండానే మాత్రలివ్వండి.”

“పాజిటివ్ అని తేలనివాళ్ళకి ఇవ్వలేను. అవి పరిశోధన మాత్రలు.”

“పోనీ మా బావకి ఎండోస్కోపీ చేయించండి.”

“ఆ జాబితా కూడా పాజిటివ్ వాళ్ళకే సిస్టర్. నన్ను అర్థం చేసుకోండి.”

“అర్థమవుతూనే ఉంది డాక్టర్. అదే నా బాధ.”

ఆసుపత్రి సొంత ఎండోస్కోపీ ఉంది కదా అంటారేమో. గొట్టం ఉంది, వేసే డాక్టర్ మూడు నెలలకోసారి వస్తాడు. వైసాకె పేరు అరవై రెండోది. మా సూపరింటెండెంట్ చెడ్డవాడు కాదు. జాబితా తెరిచి ఆమెకే ఇచ్చాడు. “ఎవరిని కిందికి తొయ్యమంటావో నువ్వే చూపించు అకనీసి” అన్నాడు. ఆమె పేర్లన్నీ చదివింది. అందరూ తెలిసినవాళ్ళే. జాబితా మూసి ఇచ్చేసింది.

పోనీ పొట్టలో ఆమ్లం తగ్గించే మాత్రలైనా ఇద్దామంటే మా ఫార్మసీలో అవి నిండుకుని ఆరు వారాలైంది. మిగిలింది తెల్లటి మందునీళ్ళు. వైసాకె కోసం ఆ సీసా కాగితంలో చుట్టుకుని లాంచీ ఎక్కేటప్పుడు ఆమె మొహం నేను చూడలేకపోయాను.

జూలైలో ఒక మంగళవారం మధ్యాహ్నం వైసాకె పడవలోనే రక్తం కక్కుకున్నాడు. తోడున్నవాళ్ళు వలలు సముద్రంలో వదిలేసి పడవను పూర్తి వేగంతో ఒడ్డుకు తిప్పారు. పడవలో గంటన్నర, ఆపైన ట్రక్కులో గంట. మా దగ్గరికి వచ్చేసరికి మనిషి చాప రంగులోకి వచ్చేశాడు. ఎవరి రక్తం ఎవరికి సరిపడుతుందో గ్రూపు చూసేది నేనే. నిల్వలో అతనికి సరిపోయేది ఒక్క సీసా. నాది సరిపోయింది, అకనీసిది సరిపోలేదు. వరండాలో నిలబడి, ఆ పెద్ద గొంతుతో, సరిపోయే రక్తం ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అరిచింది. మార్కెట్లో బెండకాయలు అమ్మే ఒకావిడ, ఇద్దరు ట్యాక్సీ డ్రైవర్లు వచ్చారు.

బతికాడు. మూడోరోజు విమానంలో సువా పంపారు. అక్కడ గొట్టం వేసి చూస్తే పొట్ట చివర వేలి గోరంత పుండు, అడుగున తెగిన రక్తనాళం. క్యాన్సర్ లేదు. చిన్న ముక్క తీసి పరీక్షిస్తే క్రిమి ఉంది, కావలసినంత ఉంది. పుండు మానే మాత్రలిచ్చి పంపారు గానీ, క్రిమిని చంపేవి పరిశోధన దగ్గరే ఉన్నాయి కాబట్టి వాటికి ఆగాల్సొచ్చింది.

ఆ రిపోర్టు నకలు తీసి అకనీసి సంతకం పెట్టని ఫారానికి గుచ్చి, పైన ఎర్ర పెన్నుతో ఒకే వాక్యం రాసి పంపింది: “మీ నెగటివ్ మనిషి ఇతనే.”

డాక్టర్ టిల్లర్ స్వయంగా వచ్చింది. ల్యాబ్ బయట బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు. ఆవిడ క్షమాపణ అడిగింది. రెండో పరీక్ష కోసం కమిటీకి రాశానంది. అకనీసి తలూపింది. ఆవిడ వెళ్ళాక, “తిట్టడానికి కూడా వీల్లేకుండా మంచిది” అని విసుక్కుంది.

అనుమతి సెప్టెంబర్ చివర్లో వచ్చింది. వైసాకె కాక మిగిలిన ఇరవై ఎనిమిది మందిలో ముగ్గురు చెరుకు కొట్టడానికి వలస పోయారు. పాతిక మంది మళ్ళీ ఊదారు. పద్దెనిమిది మందికి పాజిటివ్. వాళ్ళతోపాటు వైసాకెకూ మాత్రలు మొదలుపెట్టారు. ఈసారి ఫారంలో ప్రశ్నను ఆమె తన ఇష్టం వచ్చినట్టు అడిగింది: “దుకాణంలో గానీ, చర్చిలో గానీ, చుట్టాలు గానీ, ఎవరైనా ఏదైనా మింగమని ఇచ్చారా? నా మీద ఒట్టు, దాచకండి.”

మాత్రలైనా సాఫీగా సాగాయా అంటే అదీ లేదు. ఎనిమిదోరోజు వైలోమ వెళ్తే, వైసాకె చెట్టు కింద యంగోనా గిన్నె ముందు దర్జాగా కూర్చుని ఉన్నాడు. మాత్రలు ఆపేసి రెండు రోజులైంది.

“నోరంతా ఇనుప మేకు చప్పరించినట్టుంది మరదలా. యంగోనా రుచే తెలీట్లేదు.”

“రక్తం రుచి తెలిసిందా పడవలో?”

“నొప్పి లేదుగా ఇప్పుడు!”

“ఏప్రిల్లో కూడా ఇదే మాటన్నావు.”

“సగం మాత్రలు మా బావమరిదికిచ్చా. వాడికీ కడుపునొప్పి. చూస్తూ ఊరుకోమంటావా?”

అకనీసి అక్కడే కూలబడింది. కొత్త అట్టలు తెప్పించింది. ఉన్న సెలవంతా రాసిచ్చేసి, పద్నాలుగు రోజులూ వైలోమలోనే ఉండిపోయింది. పొద్దునా సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి, తన కళ్ళముందు మింగించి, నాలుక ఎత్తి చూపించమంది. సవెనాద అంతటివాడు కూడా నాలుక ఎత్తాడు. జనవరిలో వైసాకెకు మళ్ళీ పరీక్ష చేస్తే క్రిమి లేదని వచ్చింది. ఆమె నమ్మలేదు. నెలాగి ఇంకోసారి ఊదించింది.

రెండేళ్ళకు పరిశోధన వ్యాసం అచ్చయింది. డాక్టర్ టిల్లర్ నకలొకటి పంపింది. మధ్యాహ్నం భోజనాల వేళ నా బల్ల దగ్గర కర్రపెండలం తింటూ అకనీసి పేజీలు తిప్పింది. వైలోమ పేరు ఎక్కడా లేదు. ఒక పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉంది: ఒక ఊరికి చెందిన ముప్పయ్యొక్క మందిని, నిర్ణీత పద్ధతి తప్పినందున, లెక్కలోకి తీసుకోలేదు.

“పద్ధతి తప్పినందున” అని పైకి చదివింది. “ఎవరు తప్పారో రాయలేదేం? చర్చి వాళ్ళా, ఊరివాళ్ళా, నేనా?”

మాత్రల అట్టల సంగతి, ప్రశ్న సంగతి రాయమని ఆమె డాక్టర్ టిల్లర్‌కు నాలుగు ఉత్తరాలు రాసిందని నాకు తెలుసు. నాలుగింటికీ ధన్యవాదాలు అని బదులొచ్చింది.

“ఇంకో ఊళ్ళో ఇంకో నర్సు ఇదే ప్రశ్న అడుగుతుంది. వాళ్ళు లేదనే అంటారు” అంది. చెయ్యి కడుక్కుని, వ్యాసం అక్కడే వదిలేసి ఔట్‌పేషెంట్‌కు వెళ్ళిపోయింది. ఆ వేళ వరండాలో యాభై మంది దాకా ఉన్నారు. ఎండోస్కోపీ డాక్టర్ రావడానికి ఇంకా ఏడు వారాలుంది.