సిల్వర్ బెల్ నంబరెంత?

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఏ పనికైనా బయలుదేరే ముందు అన్నీ కాగితం మీద రాసుకుంటే తప్పు జరగడానికి చోటే ఉండదని. సర్వే శాఖలో కొత్తగా చేరినవాణ్ణి. ఇప్పుడు మా మనవరాలు ఉద్యోగం చేసే అద్దాల మేడ ఉన్నచోటే, మాదాపూర్ బండల మధ్య, గొడుగు నీడలో లెవెల్ యంత్రం పెట్టుకుని ఎత్తుపల్లాలు రాసుకునేవాణ్ణి. (ఆ బండల మీద మేకలు నాకంటే సులువుగా తిరిగేవి. ఇప్పుడు మణికొండలో మా ఫ్లాట్ బాల్కనీ నుంచి అటు చూస్తే మేకా లేదు, బండా లేదు.) ఇంట్లో డైరీ, పనిలో ఫీల్డు బుక్కు, జేబులో చిన్న కాగితం. ఇన్ని రాసుకునే మనిషిని ఒక ఆడగుర్రం ఎలా ముంచబోయి ఎలా ఒడ్డున పడేసిందో చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మూసాపేటలో మాకు వరసకు మావయ్య అయ్యే పెద్దాయన ఒకరు ఉండేవారు. గుంటూరు వైపు నుంచి వచ్చి ప్రభుత్వ ఉద్యోగంలో స్థిరపడ్డారు. ఆయన పెద్దమ్మాయిని నాకిచ్చే మాట నడుస్తోంది. నడుస్తోందంటే, మావాళ్లు సరేనన్నారు, అమ్మాయి కాదనలేదు, నేనైతే ఆమె కాఫీ గ్లాసు అందించిన రోజునే సరేననుకున్నాను. ఆయన ఒక్కరే తేల్చడం లేదు. కర్నూలు నుంచి వ్యాపారస్థుల సంబంధం ఒకటి వచ్చి ఉంది. వాళ్లకు సొంత ఇల్లు, స్కూటరు, రెండు కొట్లు. నాకు గొడుగు, లెవెల్ యంత్రం. అందులో యంత్రం ప్రభుత్వానిది.

మావయ్యగారు పేకముక్క ముట్టరు, లాటరీ టికెట్టు కొనరు. కానీ ఏడాదికి ఒకే ఒక్క పందెం కాస్తారు. మలక్‌పేటలో మూడు నాలుగేళ్ల ఆడగుర్రాలకు మాత్రమే పెట్టే పెద్ద పందెం అది. మిగతా పందేలు ఎందుకు కాయరని అడిగితే, “నాకు ముగ్గురూ ఆడపిల్లలే అబ్బాయ్. మగగుర్రాల సంగతి నాకేం తెలుసు?” అనేవారు. ఆ వానాకాలంలో ఒక సాయంత్రం నన్ను అరుగు మీద కూర్చోబెట్టి అసలు విషయం చెప్పారు. “ఈసారి సిల్వర్ బెల్ అనే గుర్రం మీద కాస్తున్నా. అది గెలిచిందా, శ్రావణంలో మీ ఇద్దరికీ తాంబూలాలు. ఓడిందా, దైవం వద్దంటున్నట్టు లెక్క. కర్నూలు వాళ్లకు కబురు చేస్తా. ఆదివారం నువ్వూ రా.”

అంటే నా పెళ్లి నాలుగు కాళ్ల మీద పరుగెత్తబోతోందన్నమాట.

మర్నాడు బండల దగ్గర, కొలత గొలుసు పట్టే మా చైన్‌మన్‌ను సలహా అడిగాను. మమ్మల్నందరినీ సముదాయించే పెద్దమనిషి కాబట్టి ఆయన్ని మేం ‘పటేలు’ అని పిలిచేవాళ్లం. గుర్రాల గురించి ఆయనకూ నాకు తెలిసినంతే తెలుసునని తర్వాత అర్థమైంది కానీ, అప్పుడు మాత్రం బీడీ ఆర్పేసి చాలా గంభీరంగా చెప్పాడు. “ఉత్త పేరు తెలుస్తే ఏం లాభం సారూ? దాని అయ్యెవరు, అవ్వెవరు, మీద కూసునేటోడెవరు, గవన్నీ అరుసుకోవాలె. మనం సంబంధాలు అరుసుకోమా, గట్లనే.” నాకది చాలా సబబుగా తోచింది. పాత పత్రికలు తిరగేసి సిల్వర్ బెల్ తండ్రి పేరు, తల్లి పేరు, ఏ ఊళ్లో పుట్టింది, రంగు, నుదుటి మీద మచ్చ, జాకీ పేరు, అతని చొక్కా చారలు, అన్నీ గుండ్రటి అక్షరాలతో ఒక కాగితం మీదికి ఎక్కించాను. నా పెళ్లి కోసం అమ్మాయి వాళ్ల గురించి కూడా అంత విచారించలేదు.

ఆదివారం మలక్‌పేట మైదానంలో జనం ఇసుక వేస్తే రాలనట్టున్నారు. మావయ్యగారు గొడుగును ముఖానికి అడ్డం పెట్టుకుని, జనం పందెం చూసే స్టాండులో ఒక మూల నిలబడ్డారు. వాన లేదు, ఎండా లేదు. “కౌంటరు దగ్గర మా ఆఫీసు గుమాస్తాలు ఉంటారయ్యా. రేపు వాళ్లకు నేను మెమోలు ఎలా ఇస్తాను?” అంటూ నోట్ల మడత నా చేతిలో పెట్టారు. నా సగం జీతమంత ఉంది. “సిల్వర్ బెల్. గెలుపు మీదే కాయి. వెళ్లు.”

వరసలో నిలబడ్డాను. మా గోదావరి వైపు మర్యాద ఒకటి ఉంది, ఎవరైనా తొందరలో ఉంటే “మీరు ముందు కానివ్వండి” అంటాం. పందెపు వరసలో అందరూ తొందరలోనే ఉంటారని నాకు తెలియదు. నలుగురు నా మర్యాదను సద్వినియోగం చేసుకున్నాక కిటికీ దగ్గరికి చేరాను. లోపల కూర్చున్నతను తలెత్తకుండానే అడిగాడు.

“నంబర్ చెప్పన్నా.”

“సిల్వర్ బెల్ అండి.”

“పేరుతోని నాకేం పనే? నంబర్ చెప్పు.”

కాగితం తీశాను. పై నుంచి కిందికి చూశాను. కింది నుంచి పైకి చూశాను. తండ్రి ఉన్నాడు, తల్లి ఉంది, నుదుటి మచ్చ ఉంది. నంబరు లేదు. ఆ గుర్రాన్ని ఎలాగైనా ఇతనికి పోల్చి చెప్పాలని మొదలుపెట్టాను. “ముదురు గోధుమ రంగండి, నుదుటి మీద తెల్లమచ్చ, జాకీ చొక్కా పసుపు, దాని మీద నల్ల చారలు...”

“అన్నా, నేనేమన్న దానికి లగ్గం జేస్తున్ననా? నంబర్ కావాలె నాకు.”

నా వెనకాయన, టోపీ పెట్టుకున్న పెద్దమనిషి, నా భుజం తట్టాడు. “జర జల్దీ కానీ భాయ్. గిట్లనైతే పడుచు గుర్రం ముసల్దైతది.”

గుర్రాల నంబర్లు అచ్చువేసిన పుస్తకం మావయ్యగారి దగ్గర ఉంది. అక్కడికి వెళ్లి “నంబరెంతండీ” అని అడిగితే పిల్లనిచ్చే మనిషి నా గురించి ఏమనుకుంటాడు? వరస వదిలి, పక్కన పల్లీలు తింటున్న ఒకాయన్ని అడిగాను. “ఆరు” అన్నాడు. అంతటితో ఊరుకుంటే నేను నేనే కాను. సర్వేలో ఏ కొలతనైనా రెండోసారి సరిచూడకుండా పుస్తకంలో ఎక్కించం. ఇంకొకాయన్ని అడిగితే “ఏడు” అన్నాడు. మూడో ఆయన తన పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించాడు. ఆరే. సంతోషంగా పరుగెత్తుకొచ్చాను. కిటికీలో అతను నన్ను గుర్తుపట్టాడు, పాపం మంచివాడు. “ఇగో అన్నా, నంబర్ దొరికిందా? సీదా రా” అని చెయ్యి ఊపాడు. నేను వరసలో నిలబడ్డవాళ్లను చూశాను. మధ్యలో దూరడం పద్ధతి కాదనుకున్నాను. వెళ్లి చివర నిలబడ్డాను.

నా ముందు ఇద్దరు ఉండగా గంట మోగింది, కిటికీ మూసేశారు.

నోట్ల మడత జేబులో పెట్టుకుని స్టాండులోకి నడిచొచ్చాను. మెట్లెక్కుతూ లెక్క చూసుకున్నాను. గుర్రం గెలిస్తే, టికెట్టేదని ఆయన అడుగుతారు. కొనలేదంటే, డబ్బు కాజేయబోయాడనుకుంటారు. పెళ్లి లేదు. గుర్రం ఓడితే దైవం వద్దన్నట్టు. పెళ్లి లేదు. మూడో దారేదైనా ఉందేమోనని ఎంత వెతికినా కనిపించలేదు. ఓడితే దొంగనన్న పేరైనా తప్పుతుంది. చెప్పేద్దామని నోరు తెరిచేసరికి, “వచ్చావా, అదుగో వదిలేశారు” అంటూ ఆయన నా భుజం పట్టుకున్నారు.

సగం దూరం దాకా సిల్వర్ బెల్ వెనకే ఉంది. మలుపు తిరిగాక పసుపు చొక్కా ఒక్కొక్క గుర్రాన్నే దాటుకుంటూ ముందుకొచ్చింది. మావయ్యగారి చేతిలోంచి గొడుగు జారిపోయింది. పరువు సంగతి మర్చిపోయి, “లాగు తల్లీ, లాగు” అని గొంతు చించుకుంటున్నారు. పక్కనే నేను కళ్లు మూసుకుని, ‘నెమ్మది తల్లీ, కాళ్లు నొప్పెడతాయి, నెమ్మది’ అని లోలోపల వేడుకుంటున్నాను. నా పెదవులు కదలడం చూసి ఆయన పక్కవాళ్లతో, “చూశారా, నాకంటే మావాడికే ఆత్రం” అన్నారు.

రెండు గుర్రాలు ఒకేసారి గీత దాటాయి. ఏది ముందో కంటికి ఆనలేదు. ఫొటో చూసి చెబుతామన్నారు. ఆయన కళ్లజోడు తుడుచుకుంటున్నారు, పెట్టుకుంటున్నారు, మళ్లీ తుడుచుకుంటున్నారు. చివరికి బోర్డు మీద నంబరు వేశారు. ఆరు కాదు.

“హమ్మయ్య” అన్నాను. గట్టిగానే అన్నాను.

ఆయన మెల్లగా నా వైపు తిరిగారు. “ఏవన్నావ్?”

నోట్ల మడత తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు.

“కొనలేదా?”

“కౌంటరు మూసేశారండి. నంబరు రాసుకోవడం మర్చిపోయానండి. మిగతావన్నీ రాసుకున్నాను.” రుజువు కోసం కాగితం కూడా చూపించాను. దాన్ని ఆయన చదవనైనా చదవలేదు. మడత విప్పి నోట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టారు. కర్నూలుకు వెళ్లబోయే కబురు నాకు చెవుల్లో వినిపిస్తోంది. అప్పుడాయన మెల్లగా, ఎవరికో కొత్త సంగతి చెబుతున్నట్టుగా అన్నారు.

“అబ్బాయ్, పెద్దది పుట్టినప్పటి నుంచీ ఏటేటా ఇక్కడికొస్తున్నాను. పందెం అయ్యాక నా డబ్బు నా జేబులోకి రావడం ఇదే మొదలు. ఇది గెలుపు కాకపోతే మరేంటయ్యా?”

గొడుగు తీసి దులుపుకున్నారు. మూసాపేట బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. చాలా దూరం వెళ్లాక అడిగారు. “ఒకవేళ అది గెలిచి ఉంటే ఏం చెప్పేవాడివి?”

“ఇదేనండి. ఉన్నదే చెప్పేవాణ్ణి.”

“నేను నమ్మేవాణ్ణంటావా?”

“లేదండి.”

“నేనూ అదే అనుకుంటున్నా” అన్నారు. ఆ తర్వాత ఆయనకు నవ్వొచ్చింది. ముందు ముక్కుతో, తర్వాత పొట్టతో, చివరికి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. కండక్టరు మా ఇద్దరినీ అనుమానంగా చూశాడు.

ఇంటికి చేరేసరికి కథ మారిపోయింది. గుమ్మంలోనే అత్తయ్యగారితో, “కుర్రాడు బుద్ధిమంతుడే. నేను పారేయబోయిన డబ్బు కాపాడాడు, కావాలనే కొనలేదు” అన్నారు. “కావాలని కాదండీ” అని నేనంటూనే ఉన్నాను. “చూశావా, గొప్ప కూడా చెప్పుకోడు” అన్నారు. అప్పటి నుంచి మా బంధువర్గంలో ఎవరు స్థలం కొన్నా, చీటీ పాడినా, ముందు నన్నొక మాట అడగడం ఆచారమైంది. నిజం చెప్పినకొద్దీ నా మీద గౌరవం పెరిగింది కానీ తరగలేదు.

నా మాట నమ్మింది పెద్దమ్మాయి ఒక్కతే. ఆ సాయంత్రం కాఫీ తెచ్చి ఇస్తూ, లోపలివాళ్లకు వినబడకుండా అడిగింది. “నిజంగానే కౌంటరు మూసేశారా?”

“నిజంగానేనండి.”

“తెలుస్తూనే ఉంది. మీ మొహం ఇంకా తేరుకోలేదు” అని నవ్వాపుకుంది. “నాన్నగారితో మాత్రం ఇంక వాదించకండి. తాంబూలాలు అయ్యేదాకా బుద్ధిమంతులుగానే ఉండండి.”

శ్రావణంలో తాంబూలాలు, మాఘంలో పెళ్లి. మావయ్యగారు ఇప్పుడు లేరు. కన్నుమూసిన ఏడాది వరకూ ఆ ఒక్క పందేనికి మాత్రం వెళ్లేవారు, నన్ను మాత్రం రానిచ్చేవారు కాదు.

మొన్న మా మనవరాలు తన ఆఫీసులో పనిచేసే అబ్బాయిని ఇంటికి తీసుకొచ్చింది. బాచుపల్లిలో ఉంటాడట. మనిషి నెమ్మదస్తుడు. ఖాళీ కప్పు ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. నేనేం అడుగుతానోనని నా మొహం వైపు, తప్పించమన్నట్టు మనవరాలి వైపు చూస్తున్నాడు. అడగాల్సినవి కొన్ని ముందే అనుకుని ఉంచుకున్నాను. కానీ ఆ చూపు చూశాక, నోట్ల మడత జేబులో పెట్టుకుని స్టాండు మెట్లెక్కుతున్న ఒక కుర్రాడు గుర్తొచ్చాడు. పాపం, వాడికి ఆ క్షణాన ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది. లేచి వెళ్లి అబ్బాయి చేతిలోని కప్పు నేనే తీసుకుని, “ఇంకాస్త కాఫీ తాగుతావా బాబూ?” అని అడిగాను.